తారస్థాయి స్వరాల కచ్చితత్వం: ట్రంపెట్ సాధన - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇత్తడి వాద్యాల్లో తారస్థాయి స్వరాలను తప్పిపోకుండా పలికించడం వాదకులకు చిరకాలంగా ఉన్న సమస్య. ఇది ఊపిరి బలానికీ పెదవుల బలానికీ సంబంధించిన విషయమన్న అభిప్రాయం సాధకుల్లో బలంగా ఉంది. గొట్టంలో స్వరాలు అమరిన క్రమాన్ని పరిశీలిస్తే, తారస్థాయిలో బలం కన్నా గురి ముఖ్యమని తెలుస్తుంది. ట్రంపెట్‌ను ఆధారంగా తీసుకొని, ధ్వనిశాస్త్రం, వాద్యచరిత్ర, బోధనాసంప్రదాయం చెప్పే అంశాల వెలుగులో, ఈ గురిని సాధనతో ఎలా సంపాదించవచ్చో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: సుషిరవాద్యాలు, ట్రంపెట్, అనుస్వరాలు, అనునాదం, తారస్థాయి, పెదవుల పట్టు, సాధన.

1. ప్రవేశిక:

భారతీయ సంగీతశాస్త్రం వాద్యాలను తత, సుషిర, అవనద్ధ, ఘన వాద్యాలని నాలుగు విధాలుగా విభజించింది. వేణువు, నాదస్వరం, శంఖం, కొమ్ము - ఇవన్నీ సుషిరవాద్యాలే. నాదం పుట్టే తీరులో మాత్రం వీటి మధ్య భేదం ఉంది. వేణువులో గాలిపాయ రంధ్రపు అంచును తాకి కంపిస్తుంది. నాదస్వరంలో నోట పెట్టుకొనే రెల్లుముక్క కంపిస్తుంది. శంఖంలోనూ, జాతరల్లో ఊదే కొమ్ములోనూ కంపించేవి ఊదేవాని పెదవులే. పాశ్చాత్యుల ట్రంపెట్, హార్న్, ట్రాంబోన్, ట్యూబా ఈ మూడో కోవకు చెందినవి. వీటిని ఇత్తడి వాద్యాలనడం వాడుకే కాని, వీటి జాతిని నిర్ణయించేది లోహం కాదు, పెదవి. ఇత్తడితో చేసినా శాక్సోఫోన్ రెల్లువాద్యమే. ఇత్తడి ఛాయ లేకపోయినా శంఖం ట్రంపెట్‌కు దాయాదే.

పెదవి ఆధారంగా మోగే వాద్యానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. వీణలో మెట్టు మీద వేలు పెట్టి మీటితే ఆ స్వరం పలికి తీరుతుంది. ట్రంపెట్‌కు ఉన్నవి మూడే వాల్వులు. ఒకే వేళ్ల అమరికతో ఏడెనిమిది స్వరాలు పలకగలవు. వాటిలో ఏది పలకాలో పెదవి నిర్ణయించాలి. అదీ ఊపిరి వదలకముందే నిర్ణయించాలి. కింది స్థాయిలో ఈ నిర్ణయంలో కొద్దిపాటి పొరపాటు జరిగినా చెల్లిపోతుంది. పై స్థాయిలో చెల్లదు. స్వరం చిట్లి పక్క స్వరం మీద పడుతుంది. ఎంత పెద్ద వాద్యబృందంలో కూర్చుని ఊదినా, ఆ తప్పు చివరి వరుసలోని శ్రోతకు కూడా స్పష్టంగా వినిపిస్తుంది.

2. గొట్టంలోని మెట్లు:

సాధారణంగా వాడే ట్రంపెట్ గొట్టాన్ని సాగదీస్తే పొడవు సుమారు 1.4 మీటర్లు ఉంటుంది. వాల్వులు నొక్కకుండా ఊదినప్పుడు ఈ గొట్టంలో పలికే స్వరాల పౌనఃపున్యాలు సుమారు 116.5 హెర్ట్జ్‌కు గుణిజాలుగా ఉంటాయి. వీటినే భౌతికశాస్త్రంలో అనుస్వరాలంటారు. (ఇది వ్యాకరణంలోని సున్న కాదు.) రెండో అనుస్వరం 233 హెర్ట్జ్, మూడోది 350, నాలుగోది 466, ఐదోది 583, ఆరోది 699, ఏడోది 816, ఎనిమిదోది 932, తొమ్మిదోది 1049.

ఈ అంకెలను సరళిస్వరాల భాషలో చెబితే విషయం మరింత స్పష్టమవుతుంది. రెండో అనుస్వరాన్ని షడ్జమంగా తీసుకొంటే మూడోది పంచమం, నాలుగోది పైషడ్జమం, ఐదోది అంతరగాంధారం, ఆరోది పంచమం. ఏడోది కైశికినిషాదానికి కాస్త దిగువన నిలిచే స్వరం. ఎనిమిదోది మళ్లీ షడ్జమం, తొమ్మిదోది చతుశ్శ్రుతి రిషభం, పదోది గాంధారం. పదకొండోది శుద్ధమధ్యమానికీ ప్రతిమధ్యమానికీ నడుమ ఎటూ చెందకుండా ఉంటుంది. మొదటి రెండు మెట్ల మధ్య షడ్జమ పంచమాలంత దూరం ఉండగా, ఎనిమిది తొమ్మిదిల మధ్య షడ్జమ రిషభాలంత దూరమే మిగులుతుంది. ఇంకా పైకి, పదిహేను పదహారుల దగ్గరకు వెళ్తే అది నిషాద షడ్జమాలంత, అంటే అర్ధస్వరమంత, అయిపోతుంది.

అంటే ఇది పైకి వెళ్లేకొద్దీ మెట్లు దగ్గరపడే నిచ్చెన. కింద పెదవి బిగువు అటూ ఇటూ అయినా కాలు పడటానికి మరో మెట్టు దగ్గరలో లేదు. పైన అంతే పొరపాటు జరిగితే కాలు పక్కమెట్టు మీద పడుతుంది. వాల్వులు ఈ చిక్కును తీర్చవు. వాల్వు నొక్కితే గొట్టం పొడవు పెరిగి మరో నిచ్చెన ఏర్పడుతుంది, అంతే. తారస్థాయిలో ఏ వేళ్ల అమరికతో ఊదినా పలకవలసిన స్వరానికి సమీపంలో ఏదో ఒక మెట్టు ఉండనే ఉంటుంది. అందుకే అక్కడ వేళ్లు సరిగా పడటం స్వరం సరిగా పలుకుతుందనడానికి హామీ కాదు.

3. తోడులేని స్వరం:

మెట్లు దగ్గరపడటం ఒక కారణం మాత్రమే. అమెరికన్ భౌతికశాస్త్రవేత్త ఆర్థర్ బెనేడ్ ఇత్తడి వాద్యాల అనునాదాలను దీర్ఘకాలం పరిశీలించి, 1976లో వెలువడిన తన సంగీత ధ్వనిశాస్త్ర గ్రంథంలో మరో ముఖ్యమైన సంగతి వివరించాడు. రెండో అనుస్వరం పలుకుతున్నప్పుడు దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతల పౌనఃపున్యాల వద్ద ఉన్న నాలుగు, ఆరు, ఎనిమిదో అనునాదాలు కూడా మేలుకొని పెదవుల కంపనానికి ఊతమిస్తాయి. ఒక పందిరిని నాలుగు రాటలు మోసినట్లు ఆ స్వరాన్ని నాలుగు అనునాదాలు మోస్తాయి. ఎనిమిదో అనుస్వరానికి ఈ అదృష్టం లేదు. దాని రెట్టింపు 1865 హెర్ట్జ్. ట్రంపెట్ గంట భాగం సుమారు 1500 హెర్ట్జ్‌కు పైనున్న తరంగాలను లోపలికి తిప్పి పంపక చాలావరకు బయటికే వదిలివేస్తుంది. కాబట్టి అక్కడ చెప్పుకోదగిన అనునాదం ఉండదు. ఎనిమిదో అనుస్వరం ఒంటిరాటి మీద నిలిచిన పందిరి.

సాధకుడు గ్రహించవలసిన అంశం ఇందులో ఉంది. కింది స్థాయిలో పెదవి సుమారుగా అమరితే చాలు, మిగిలిన సవరణ గొట్టమే చేస్తుంది. పైకి వెళ్లేకొద్దీ గొట్టం ఇచ్చే సాయం తగ్గుతుంది. 932 హెర్ట్జ్ స్వరానికి పెదవులు సెకనుకు 932 సార్లు తెరుచుకొని మూసుకోవాలి. ఆ వేగానికి తగిన బిగువును వాదకుడు దాదాపు తన స్వశక్తితోనే ముందుగా అమర్చుకోవాలి.

పికొలో ట్రంపెట్ ఈ విషయానికి చక్కని నిదర్శనం. దాని గొట్టం మామూలు ట్రంపెట్ గొట్టంలో సగం. మామూలు ట్రంపెట్‌లో ఎనిమిదో మెట్టయిన 932 హెర్ట్జ్ ఇందులో నాలుగో మెట్టు. అటూ ఇటూ ఉన్న మెట్లు 699, 1165 దగ్గర ఉంటాయి. పెదవులు సెకనుకు 932 సార్లు కంపించక తప్పదు, కాబట్టి శ్రమ పెద్దగా తగ్గదు. తగ్గేది గురి తప్పే ప్రమాదం. ఫ్రెంచ్ వాదకుడు మోరిస్ ఆంద్రే (1933-2012) ఈ చిన్న వాద్యంతో పద్దెనిమిదో శతాబ్దపు రచనలను ప్రపంచమంతటా వినిపించగలగడంలో ఆయన ప్రతిభతోపాటు ఈ గొట్టపు లెక్కకూ భాగముంది.

4. వాల్వులు లేని కాలం:

ట్రంపెట్‌కు వాల్వులు పందొమ్మిదో శతాబ్దంలో వచ్చాయి. అంతకుముందు దానికి ఉన్నది ఒకే నిచ్చెన. వరుస స్వరాలతో రాగం నడవాలంటే మెట్లు దగ్గరపడే ఎనిమిదో అనుస్వరానికి పైననే నడవాలి. ఆ ఎత్తులో ఊదే విద్యను క్లారినో అనేవారు. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1721లో బ్రాండెన్‌బర్గ్ ప్రభువుకు అంకితమిచ్చిన ఆరు కచేరీ రచనల్లో రెండోది ఈ విద్యకు పరాకాష్ఠ. అందులో ట్రంపెట్ పదహారో అనుస్వరం దాకా, కొన్నిచోట్ల దానికి పైకి కూడా వెళ్తుంది. నేటి వాదకులు కూడా దానికి జంకుతారు.

లైప్‌జిగ్‌లో బాఖ్ రచనలకు ట్రంపెట్ వాయించిన గాట్‌ఫ్రీడ్ రైఖె ఆ విద్యలో ఆరితేరినవాడు. 1734 అక్టోబరు 5న సాక్సనీ పాలకుని గౌరవార్థం ఆరుబయట జరిగిన రాత్రి ప్రదర్శనలో ఆయన పాల్గొన్నాడు. మరునాడు వీధిలో కుప్పకూలి మరణించాడు. అప్పటికి ఆయన వయసు 67 ఏళ్లు. ఊదిన శ్రమా కాగడాల పొగా కారణమని సమకాలికులు రాసిపెట్టారు. ఆ నిర్ణయం వైద్యశాస్త్రానికి ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే విషయం. తారస్థాయి వాదనం ప్రాణాంతకమైన శ్రమ అన్న భావన ఎంత పాతదో మాత్రం ఈ ఉదంతం తెలుపుతుంది. నేటికీ చాలామంది సాధకులు ఆ భావనతోనే పై స్వరాలను సమీపిస్తారు. అనేక దోషాలకు మూలం అక్కడే ఉంది.

5. బలప్రయోగం - పెదవికి హాని:

పై స్వరం పలకనప్పుడు సహజంగా మొదట తోచే ఉపాయం మౌత్‌పీస్‌ను పెదవికి అదమడం. ఫలితం వెంటనే కనిపిస్తుంది. పెదవి సాగి, పలచబడి, బిగుసుకొంటుంది; స్వరం పలుకుతుంది. కాని పెదవి ఆ అంచు కింద నలిగి, రక్తప్రసరణ తగ్గి, కాసేపటికి స్పర్శ కోల్పోతుంది. స్పర్శ లేని పెదవికి గురి ఉండదు. అప్పుడు మరికొంత అదుముతారు. గంటసేపటి సాధనలో చివరి పదిహేను నిమిషాలు ఈ విషవలయంలోనే గడిచిపోవడం చాలామంది విషయంలో జరిగేదే.

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ (1901-1971) జాజ్ సంగీతంలో ట్రంపెట్ తారస్థాయికి కొత్త ఎల్లలు చూపినవాడు. రాత్రి తర్వాత రాత్రి ఆ స్వరాలు వినిపించవలసి రావడంతో ఆయన పెదవులు పదేపదే చిట్లాయి. 1930వ దశకంలో కొంతకాలం వాద్యాన్ని పక్కన పెట్టవలసి వచ్చింది. పెదవుల చుట్టూ ఉండే వలయకండరం చిరగడమనే గాయాన్ని 1982లో ఒక వైద్యపత్రం ఆయన ముద్దుపేరుతోనే 'సాచ్మో సిండ్రోమ్' అని వ్యవహరించింది. కండరం చిరగకుండానే నాడీవ్యవస్థ అదుపు తప్పి పెదవి మాట వినకుండా పోయే వ్యాధి మరొకటి ఉంది. దీన్ని డిస్టోనియా అంటారు. హార్న్ వాదకుడూ పరిశోధకుడూ అయిన పీటర్ ఇల్టిస్ తానే ఈ వ్యాధికి గురై, జర్మనీలోని గోటింగెన్‌లో ఎం.ఆర్.ఐ. యంత్రంలో హార్న్ వాదకుల నోటి లోపలి కదలికలను చిత్రించే పరిశోధనలో పాలుపంచుకొన్నాడు. ఆ చిత్రాల్లో, పై స్వరాలకు వెళ్లేటప్పుడు నిపుణుల నాలుక పైకి లేవడం స్పష్టంగా కనిపిస్తుంది. అనుభవజ్ఞులైన గురువులు 'ఈ' అన్న అచ్చును తలచుకొని ఊదమనడానికి ఇక్కడ దృశ్యరూపంలో ఆధారం దొరికింది.

ఊపిరి విషయంలోనూ ఒక అపోహ ఉంది. పై స్వరానికి ఎక్కువ గాలి కావాలనుకొంటారు. కావలసింది ఎక్కువ పీడనం. గాలి పరిమాణం పై స్వరానికి తగ్గుతుంది. పెదవుల మధ్య సందు చిన్నదవుతుంది కనుక ఇది సహజమే. చిన్న సందులో ఎక్కువ గాలిని తోస్తే ఆ సందు తెరుచుకొని స్వరం చిట్లుతుంది.

6. సాధనాక్రమం:

గురిని సంపాదించే సాధనకు తొలిమెట్టు వాద్యాన్ని నోట పెట్టుకోకముందే ఉంది. షికాగో సింఫనీ వాద్యబృందంలో 1944 నుంచి 1988 దాకా ట్యూబా వాయించిన ఆర్నాల్డ్ జేకబ్స్ తన శిష్యులకు ముందు స్వరాన్ని మనసులో వినడమే నేర్పేవాడు. పెదవి కండరాలకు విడివిడిగా ఆజ్ఞలివ్వడం ఎవరికీ సాధ్యం కాదు. వినవలసిన స్వరం స్పష్టంగా ఉంటే కండరాలు దాని వెంట నడుస్తాయన్నది ఆయన బోధనలోని సారం. శ్రుతి చేర్చుకొని గొంతు విప్పే అలవాటున్న కర్ణాటక సంగీత విద్యార్థికి ఇది కొత్త కాదు. శ్రుతిపెట్టెను ఆరున్నరకు పెడితే ఈ ట్రంపెట్ షడ్జమం దొరుకుతుంది. పలికించబోయే స్వరాన్ని ఆ శ్రుతిలో వీలైన స్థాయిలో పాడి, తర్వాత మౌత్‌పీస్‌ను మాత్రమే నోట పెట్టుకొని పెదవులతో అదే స్వరాన్ని పలికించి, ఆపైన వాద్యంలో ఊదడం మంచి పద్ధతి. మౌత్‌పీస్‌ను విడిగా ఊదేటప్పుడు నిచ్చెన ఉండదు, స్వరం ఎటైనా జారుతుంది; చెవి చెప్పినచోట పెదవి ఆగవలసిందే. అమెరికన్ గురువు జేమ్స్ స్టాంప్ తన సాధనాపాఠాల్లో ఈ అభ్యాసానికి పెద్దపీట వేశాడు.

రెండో అంశం మృదుత్వం. హెర్బర్ట్ క్లార్క్ 1912లో ప్రచురించిన కార్నెట్ సాధనాపాఠాలు నేటికీ ట్రంపెట్ విద్యార్థులు వాడే పుస్తకం. వేగంగా నడిచే ఆ పాఠాలను వీలైనంత మెత్తగా, ఒక్క ఊపిరిలో వాయించమని ఆయన నియమం పెట్టాడు. ప్రతి పాఠం ముందుపాఠం కన్నా అర్ధస్వరం మాత్రమే పైకి జరుగుతుంది. ఈ రెండు నియమాల్లోనూ లోతైన యుక్తి ఉంది. మెత్తగా ఊదినప్పుడు బలంతో తప్పును కప్పిపుచ్చుకొనే అవకాశం లేదు. అర్ధస్వరం చొప్పున కదిలినప్పుడు కొత్తస్వరానికి కావలసిన బిగువు తెలిసిన స్వరపు బిగువుకు అతి సమీపంలో ఉంటుంది. ఎత్తు తెలియకుండానే పెరుగుతుంది.

మూడో అంశం తప్పును చదవడం. బోధనలో దీనిపై చెప్పవలసినంత చెప్పడం లేదు. సాధకుడు వాల్వులు నొక్కకుండా ఎనిమిదో అనుస్వరానికి గురిపెట్టాడనుకొందాం. స్వరం తప్పితే 'పోయింది' అనుకొని మళ్లీ ఊదడం సామాన్యం. కాని అది ఎక్కడ పడింది? కైశికినిషాదం కన్నా కాస్త దిగువన, శ్రుతికి ఎడంగా వినిపిస్తే అది ఏడో మెట్టు. పెదవి బిగువు చాలలేదని, లేదా ఊపిరి వెనుకబడిందని అర్థం. రిషభం మీద పడితే అది తొమ్మిదో మెట్టు. భయంతో పెదవిని అవసరానికి మించి బిగించినట్లు. ఈ రెండు తప్పులకూ చికిత్సలు పరస్పర విరుద్ధమైనవి. రిషభం మీద పడే సాధకుణ్ణి 'ఇంకా గట్టిగా' అని ప్రోత్సహించడం రోగాన్ని పెంచడమే. ఎటు తప్పిందో ఒక కాగితం మీద గీతలు గీసుకొన్నా, వారం రోజుల్లో అతని అలవాటు ఏమిటో తెలిసిపోతుంది.

నాలుగోది ఆరంభం. స్వరాన్ని నాలుక తాటింపుతో మొదలుపెట్టడం వాడుక. సాధనలో కొంతసేపు నాలుక లేకుండా, ఊపిరితోనే స్వరాన్ని ఎత్తుకోవాలి. పెదవి ముందుగా సరిగా అమరకపోతే గాలిచప్పుడు తప్ప మరేమీ రాదు. నాలుక తాటింపు ఈ లోపాన్ని దాచిపెడుతుంది. ఊపిరితో పదిసార్లు నిలకడగా పలికిన స్వరానికి తర్వాత నాలుకను చేర్చడం తేలిక. కింది నుంచి మెట్టుమెట్టుగా ఎక్కి పై స్వరాన్ని చేరడం, ఏకాయెకి అక్కడే ఎత్తుకోవడం - ఇవి రెండు వేర్వేరు విద్యలన్నది కూడా గుర్తించవలసిన విషయం. మొదటిదాంట్లో ఆరితేరినవారు రెండోదాంట్లో తడబడటం కద్దు. కచేరీలో ఇరవై కొలతలు మౌనంగా కూర్చున్న తర్వాత చల్లబడిన పెదవితో తారస్థాయి స్వరాన్ని ఎత్తుకోవలసి వస్తుంది. అందువల్ల సాధనలోనూ వాద్యాన్ని దించి, కాసేపాగి, ఒక్కసారి మాత్రమే ఆ స్వరాన్ని ప్రయత్నించి, మళ్లీ దించేసే అభ్యాసం ఉండాలి. ఆ ఒక్కసారి జరిగినదే లెక్క. తొమ్మిదిసార్లు తప్పి పదోసారి పలికినవాడు తప్పును తొమ్మిదిసార్లు సాధన చేసినట్లే.

ఇక విశ్రాంతి. ఊదినంతసేపు ఊదకుండా ఉండాలన్నది పాత గురువుల మాట. తారస్థాయి సాధనను రోజులో పది పదిహేను నిమిషాలకు పరిమితం చేసి, మధ్యమధ్య వాద్యాన్ని దించి, చివర మంద్రస్థాయిలో కొన్ని దీర్ఘస్వరాలు మెత్తగా ఊది ముగించడం మేలు. ఆ స్వరాలకు పెదవి వదులై విశాలంగా కంపిస్తుంది, రక్తం మళ్లీ పారుతుంది. మన గాత్రసంప్రదాయంలో వేకువన చేసే మంద్రస్థాయి సాధన ప్రయోజనం వేరు, దారి వేరు. అయినా తారస్థాయికి పునాది మంద్రంలో ఉందన్న అవగాహన రెండుచోట్లా ఒకటే.

7. బ్యాండుమేళం పరిస్థితి:

తెలుగునాట ట్రంపెట్ ఎక్కువగా వినిపించేది పెళ్లి ఊరేగింపుల్లో. బ్యాండుమేళంలో ట్రంపెట్ వాదకుడు సినిమాపాట వరసను నడిపిస్తాడు. గాయని గొంతుకు కూర్చిన పాటైతే వరస ఎత్తులోనే సాగుతుంది. ఆరుబయట ఊదిన నాదం గోడలకు తగిలి తిరిగిరాదు. పక్కనే డ్రమ్ములు మోగుతుంటాయి. తన స్వరం తనకే సరిగా వినపడని వాదకుడు చాలడం లేదనుకొని మరింత అదిమి ఊదుతాడు. గంటల తరబడి నడుస్తూ ఊదడంలో అడుగడుగుకూ మౌత్‌పీస్ పెదవికి తగిలే దెబ్బ దీనికి అదనం. పైన చెప్పిన సాధనకు ఇంతకన్నా ప్రతికూలమైన పరిస్థితిని ఊహించడం కష్టం. వారి వాదనంలోని పెళుసుదనాన్ని విమర్శించేవారు ఈ కారణాలను లెక్కలోకి తీసుకోవడం అరుదు.

ఈ పరిస్థితిలోనూ కొంత చేయవచ్చు. పాట శ్రుతిని రెండు మూడు అర్ధస్వరాలు దించుకొంటే చరణంలోని శిఖరస్వరం ఎనిమిదో మెట్టు నుంచి ఆరేడు మెట్ల దగ్గరకు దిగుతుంది. ఆరుబయట వినేవారికి ఆ తేడా తెలియదు. ఇద్దరు ట్రంపెట్ వాదకులున్న మేళంలో పల్లవి ఒకరు, చరణం ఒకరు పంచుకొంటే ఊదినంతసేపు విశ్రాంతి అన్న నియమం దానంతటదే అమలవుతుంది. ఒక చెవిలో దూది పెట్టుకొంటే తన స్వరం ఎముకల ద్వారా తనకు కొంతైనా వినిపిస్తుంది, అదిమి ఊదవలసిన అవసరం ఆ మేరకు తగ్గుతుంది.